పెద్దయ్యగారిచే జీలకర్ర బెల్లం నూరించు విధానము

పదిహేనేళ్ల కిందట మొయినాబాద్‌లో ఒక పెళ్లిమండపం మీద, ఎనిమిది వందల మంది ఎదుట, ఆరు సౌండుబాక్సుల సాక్షిగా, ఒక పెద్దమనిషి నన్ను ఒక మాట అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ అరగలేదు. నా జీర్ణశక్తిలో లోపమేమీ లేదు. పెళ్లిభోజనాల మీద పెరిగిన కడుపు ఇది. మేకులు వేసినా పులిహోరలో పోపు అనుకుని అరిగించుకుంటుంది. ఆ ఒక్క మాటే అరగలేదు.

నేను పెళ్లిళ్లు చేయించే అయ్యగారిని. మాది చేవెళ్ల. మా నాన్నదీ ఇదే పని. పాత మోపెడ్ వెనక సీటుకు దర్భకట్ట కట్టుకుని చుట్టూ ఉన్న పల్లెలన్నీ తిరిగేవాడు. ఆయన చేయించే పెళ్లికి నాలుగు గంటలు పట్టేది. నున్నగా గడ్డం గీసుకుని పీటల మీద కూర్చున్న పెళ్లికొడుక్కి లేచేసరికి మళ్లీ గడ్డం వచ్చేదని ఊళ్లో చెప్పుకునేవారు. ఆ నాలుగు గంటల పెళ్లినీ నాకు అక్షరం పోకుండా నేర్పాడు. ఎనిమిదేళ్లు పట్టింది. తప్పు చదివితే ఎడమ చెవి మెలిపెట్టేవాడు. అందుకే నా ఎడమ చెవి కుడిదాని కన్నా అరంగుళం పొడుగు. హెల్మెట్ పెట్టుకున్నప్పుడల్లా మా నాన్న గుర్తొస్తాడు.

ఆయన పోయాక నాకు తెలిసిందేమిటంటే, నేను నేర్చుకున్న పెళ్లికి గిరాకీ లేదు. ఇంటి ముందు పందిరి వేసుకునేవాళ్లు తగ్గిపోయారు. అందరూ మొయినాబాద్ బాట పట్టారు. అక్కడ రోడ్డు వెంట ఒక ఫంక్షన్ హాలు గోడ అయిపోకముందే ఇంకో హాలు గేటు మొదలవుతుంది. మాఘమాసంలో ఆ దారిన బస్సులో వెళితే కిటికీ పక్కన కూర్చున్నవాడికి ఊరు దాటేలోపల పదకొండు పెళ్లిళ్లు చూసిన పుణ్యం వస్తుంది. అన్ని పెళ్లిళ్లకు అయ్యగార్లు ఎక్కడి నుంచి వస్తారు? పెద్దయ్యగారి దగ్గరి నుంచి వస్తారు.

పెద్దయ్యగారు అంటే ఈ కథలో నా శత్రువు. టెంటుహౌసువాడు కుర్చీలు పంపినట్టు ఆయన అయ్యగార్లను పంపేవాడు, ఇప్పటికీ పంపుతున్నాడు. ఫోనులో ఆయన మాట ఇట్లా ఉండేది: "ముగ్గురు గావాల్నా? సరే. గట్టి గొంతుది ఒకటి, ఇంగ్లీషుల అర్థం చెప్పేది ఒకటి, ఊకెనే కూసోనీకి తెల్లగడ్డంది ఒకటి పంపుత. ఫికర్ జెయ్యకుండ్రి."

నేను పనికోసం వెళ్లిన రోజు ఆయన నన్ను ఒక్కటే ప్రశ్న అడిగాడు.

"ఎంత సేపట్ల చేపిస్తవయ్యా పెండ్లి?"

"తొందరగ జేస్తే మూడున్నర గంటలైతదండి."

ఆయన నవ్వాడు. ఆ నవ్వుకు నోట్లోని వక్క ఎగిరి నా భుజం మీద పడింది. "మూడున్నర గంటలా? అంత సేపట్ల వాళ్లకు పిల్లలు పుట్టి బడికి గూడ పోతరు. ఈడ పెండ్లంటే నలభై నిమిషాలు. నేర్చుకుంటవా?"

నేర్చుకున్నాను. ఎనిమిదేళ్లు నేర్చుకున్నదాన్ని వారం రోజుల్లో మరిచిపోవడం ఎలాగో ఆయన నేర్పాడు. ముహూర్తాలు లేని రోజుల్లో ఖాళీగా ఉన్న ఒక హాలు స్టేజీ మీద శిక్షణ. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ పెళ్లికూతురు, తెల్ల ప్లాస్టిక్ కుర్చీ పెళ్లికొడుకు. ఆ రెండు కుర్చీలకు నేను ఇరవై సార్లు పెళ్లి చేయించాను. వాటి కాపురం తర్వాత ఎలా సాగిందో తెలియదు కానీ, ఎర్రదానికి చెయ్యి విరిగిందని విన్నాను. ఆయన సూత్రాలు ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. ఫోటోగ్రాఫర్‌కు వీపు చూపెట్టద్దు, దేవుడేమనడు గానీ వాడు అరుస్తాడు. మూడు ముళ్లల్లో రెండో ముడి దగ్గర ఆపాలి, క్రేన్ కెమెరా వచ్చేదాకా మూడోది వేయనీయద్దు. మంత్రం మరిచిపోతే గొంతు పెంచాలి, సన్నాయి వాళ్లవైపు కోపంగా చూడాలి.

అన్నీ ఒంటబట్టాయి, ప్రవర ఒక్కటి తప్ప. ప్రవర అంటే పిల్లను ధారపోసే ముందు రెండు వంశాల పేర్లు చదవడం. ఫలానా గోత్రం, ఫలానావారి మునిమనవడు, ఫలానావారి మనవడు, ఫలానావారి కొడుకు. పిల్లవైపూ అంతే. మూడుసార్లు చదవాలి. పెద్దయ్యగారు ఒక్కసారే చదివేవాడు, అదీ ముత్తాతలను వదిలేసి. "ముత్తాత ఎట్లగూ చూడనీకి రాడు గదా," అనేవాడు. మా నాన్న మాత్రం ముత్తాతల కోసమే ప్రవర ఉన్నదనేవాడు. నా పొడుగు చెవిలో ఆ మాట ఇంకా ఉండింది.

ఇక ఆ రోజు. పెళ్లివారిది ఈ ప్రాంతంలో తరతరాలుగా భూములున్న ఇల్లు, రాజకీయాల్లో మెసలే ఇల్లు. పెళ్లికి వచ్చిన తెల్లచొక్కాలు ఎండలో ఒక్కసారిగా లేస్తే కళ్లు బైర్లు కమ్మేవి. పెద్దయ్యగారు పక్కహాలులో ఇంకో లగ్గం పూర్తి చేసి వస్తానని చెప్పి మైకు నా చేతికిచ్చి వెళ్లాడు. నేను ప్రవర అందుకున్నాను. ముత్తాత పేరుతో సహా. ముందు వరసలో కూర్చున్న ఒక అవ్వ, ఎప్పుడో పోయిన తన మామగారి పేరు మైకులో వినపడగానే గబుక్కున తలమీదికి కొంగు లాక్కుంది. అది చూసి నాకు ఒళ్లు పులకరించింది. రెండోసారి ఇంకా గట్టిగా అందుకున్నాను. మా నాన్న మోపెడ్ చప్పుడు వినపడినంత పని అయింది.

వినపడింది మోపెడ్ కాదు, పెద్దయ్యగారి చెప్పులు. ముహూర్తానికి ఇంకా మూడు నిమిషాలే ఉన్నాయని ఆయన వాదన. నా లెక్కలో ఆరు. ఆయన మండపం ఎక్కి, నా చేతిలోంచి మైకు లాక్కుని, దాన్ని ఆపకుండానే అన్నాడు:

"చాలు, దిగు. పోయి జీలకర్ర బెల్లం నూరు. గదన్న వస్తదో రాదో నీకు."

ఆరు సౌండుబాక్సులు ఆ మాటను ఆరు దిక్కులకు మోసుకుపోయాయి. ఎనిమిది వందల మంది నవ్వారు. వంటవాళ్లు గరిటెలు పట్టుకుని బయటికొచ్చి ఏమైందో కనుక్కుని మళ్లీ లోపలికెళ్లి నవ్వారు. పెద్ద తెర మీద నా ముఖం ఇరవై అడుగులు ఉండింది. దాని మీద కారిన చెమటచుక్క ఒక్కొక్కటీ బిందెడు. నేను దిగాను. మండపం వెనక, పూలబుట్టల మధ్య కూర్చుని, జీలకర్ర బెల్లం నూరాను. వధూవరులు సుముహూర్తంలో ఒకరి తలమీద ఒకరు పెట్టుకునే ముద్ద అది. బాగా కుదిరింది. తల మీద పెడితే మేస్త్రీ సిమెంటు పెట్టినట్టు అంటుకుంది. ఆ సంగతి ఎవరూ గమనించలేదు.

మరునాటి నుంచి నేను జీలకర్ర బెల్లం అయ్యగారిని. చేవెళ్లలో ఛాయ్ హోటలువాడు, కూరగాయల మార్కెట్లో టమాటాలమ్మే అవ్వ, బస్సు కండక్టరు, అందరికీ అదే పేరు. "జీలకర్ర బెల్లం అయ్యగారికి జర జాగియ్యుండ్రి," అని కండక్టరు అరిస్తే బస్సంతా లేచి నిలబడి నన్ను చూసేది. జాగా దొరికేది, నిజమే. కానీ ఆ సీటులో కూర్చుంటే ముళ్లమీద కూర్చున్నట్టే ఉండేది. చివరికి మా ఇంట్లో ఒక రోజు సామాను జాబితా రాస్తూ మా ఆవిడ జీలకర్ర, బెల్లం పక్కపక్కన రాసి, నావైపు చూసి, మధ్యలో చింతపండు చేర్చింది. ఆ దయ నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది.

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. ఆయన చేత, అదే మండపం మీద, అంతే జనంలో, అదే మాట మైకులో అని, జీలకర్ర బెల్లం నూరించాలి. ఇంకేమీ వద్దు నాకు. మోక్షం ఇస్తామన్నా ఇది అయ్యాకే తీసుకుంటాను.

పదిహేనేళ్లు ఆ మాటను సాధన చేశాను. రోజూ స్నానం చేసేటప్పుడు చెంబును మైకులా పట్టుకుని అనేవాణ్ని. ఒకసారి నెమ్మదిగా, ఒకసారి గంభీరంగా, ఒకసారి "గదన్న" దగ్గర కొద్దిగా ఆపి. ఒక రోజు మా ఆవిడ తలుపు కొట్టింది. "ఇగ చాలు. పక్కింటి పిల్లగాండ్లకు గూడ నోటికొచ్చింది."

ఈ పదిహేనేళ్లూ ఊళ్లలో ఇంకా పందిరి వేసుకునే రైతుల ఇళ్లలో పెళ్లిళ్లు చేయించుకుంటూ బతికాను. ఆదివారాలు మా వరండాలో నలుగురైదుగురికి పెళ్లి చేయించడం నేర్పుతూ వచ్చాను. ఒకాయన చందనవెల్లిలో ఫ్యాక్టరీ డ్యూటీ దిగి అదే యూనిఫాంతో వచ్చి మంగళాష్టకాలు చదివేవాడు. రెండేళ్ల చదువు పెట్టాను. పెద్దయ్యగారు ఎక్కడో అన్నాడట: "చేవెళ్లల యూనివర్సిటీ వెట్టిండు గదా. పట్టా వచ్చేసరికి పెండ్లి జేసుకుంటమన్నోళ్లకు షష్టిపూర్తి అయితది." ఆ మాట కూడా దాచిపెట్టుకున్నాను. నా కడుపులో జాగా ఉంది.

అవకాశం ఈ ఏడాది వచ్చింది. మూడు నెలలు మూఢం. అంటే పెళ్లిళ్లు కుదరని కాలం. మూఢం విడిచాక మొదటి మంచి ముహూర్తం ఒక్కటే, పొద్దున పది నలభై ఎనిమిదికి. మూడు నెలలుగా ఆగిన పెళ్లిళ్లన్నీ ఆ ఒక్క నిమిషం మీద పడ్డాయి, జనం రైలు తలుపు మీద పడ్డట్టు. ఆ రోజుకు ముడిమ్యాలలో నాకు ఒక పెళ్లి ఉండింది. పెద్దయ్యగారు ఎవరితోనో చెప్పించి దానికి తన నలభై నిమిషాల మనిషిని పంపేట్టు చేసుకున్నాడు. మా వరండా శిష్యులు కూడా తలో పెళ్లికీ కుదిరిపోయారు. అలా ఆ నిమిషానికి రెండు మండలాల్లో ఖాళీగా మిగిలిన అయ్యగారిని నేనొక్కణ్నే.

అదే ముహూర్తానికి ఆయన ఒక్కగానొక్క కూతురి పెళ్లి.

పిల్లవాడిది కోస్తా నుంచి వచ్చి ఎప్పటి నుంచో హైదరాబాద్‌లో స్థిరపడ్డ కుటుంబం. ఐటీ ఉద్యోగం. అతని తండ్రి పెట్టిన షరతు ఒక్కటే: పెళ్లి పూర్తి శాస్త్రోక్తంగా జరగాలి, ఒక్క మంత్రం తగ్గకూడదు. అయ్యగార్లకే అయ్యగారి ఇంటి సంబంధం కాబట్టి పురోహితుణ్ని వాళ్లు తెచ్చుకునే ప్రసక్తే రాలేదు. పెద్దయ్యగారు ఆ రోజు జాబితా గోడ క్యాలెండర్ మీద తానే రాశాడు. పదమూడు పెళ్లిళ్లు. మనుషులు పన్నెండుగురు. పదమూడో పెళ్లి తన కూతురిది. దాని పక్కన అలవాటు కొద్దీ తన పేరే రాసుకుని నిశ్చింతగా పడుకున్నాడు.

తర్వాత జరిగింది ఆయన మనుషుల్లో ఒకడే నాకు చెప్పాడు, నవ్వలేక ఛాయ్ రెండుసార్లు ఒలకబోసుకుంటూ. పెళ్లి నాలుగు రోజులుందనగా వాళ్లావిడ ఆ క్యాలెండర్ చూసి అడిగిందట: "మీరు మంత్రాలు జదువుతుంటే, పీటల మీద నా పక్కన కూసోని పిల్లను ధారవోసేది ఎవరండి?"

ఇన్నేళ్లలో వెయ్యి మంది తండ్రులను పీటల మీద కూర్చోబెట్టిన మనిషికి తానొక తండ్రి అన్న సంగతి తట్టలేదు. ఇచ్చిన మనిషిని వెనక్కి పిలుద్దామంటే, తాంబూలం అందుకున్న పెళ్లికి అయ్యగారు పోకపోవడం ఈ వృత్తిలో లేదు. అందులోనూ ఆ పన్నెండు ఇళ్లవాళ్లూ అడిగితే ఊరుకునే రకం కాదు. సిటీలో వెతికితే ఆ నిమిషానికి గంట కొట్టే మనిషి కూడా దొరకలేదు.

ఆయన కారు మా ఇంటి ముందు ఆగినప్పుడు నేను వరండాలో కూర్చుని ఉన్నాను. నిజం చెప్పాలంటే రెండు రోజులుగా అక్కడే కూర్చుని ఉన్నాను, భోజనం కూడా అక్కడికే తెప్పించుకుని.

"ఎట్లున్నవయ్యా?" అన్నాడు.

"మీ దయండి. ఖాళీగున్న."

మా ఆవిడ మంచినీళ్లిచ్చింది. ఆయన తాగాడు. ఎండలు ముదిరాయన్నాడు. ముదిరాయన్నాను. రోడ్డు వెడల్పు చేస్తున్నారన్నాడు. చేస్తున్నారన్నాను. మా గోడ మీద బల్లిని చూసి బాగుందన్నాడు. పదిహేనేళ్లు ఆగినవాణ్ని, బల్లి దగ్గర తొందరపడతానా?

చివరికి గ్లాసు కింద పెట్టాడు. "బిడ్డ లగ్గం. నువ్వు రావాలె."

"తప్పకుండ వస్త. భోజనానికేనా?"

"గట్ల మాట్లాడకయ్యా. చేపియ్యనీకి రావాలె."

"నేనా? జీలకర్ర బెల్లం అయ్యగారు మీ బిడ్డ లగ్గం చేపిస్తడా?"

ఆయన తల దించుకున్నాడు. ఆ తల దిగడం ఎంత నెమ్మదిగా జరిగిందంటే నేను దాని ప్రతి అంగుళాన్నీ విడివిడిగా ఆనందించాను. తర్వాత నా షరతులు చెప్పాను. ఒకటి, పెళ్లి నాలుగు గంటలు, ఒక్క ముక్క తగ్గించను. అది వాళ్ల వియ్యంకుడి కోరికే కాబట్టి ఊ అన్నాడు. రెండోది చెప్పాను.

"జీలకర్ర బెల్లం మీరు నూరాలె. మండపం మీద."

"నేను పిల్ల తండ్రినయ్యా!"

"తండ్రి నూరద్దని ఏ పుస్తకంల ఉన్నదో చూపెట్టుండ్రి, ఆపేస్త."

చాలాసేపు బల్లిని చూశాడు. "మైకుల జెప్తవా?"

"మైకులనే జెప్త."

"సరే," అన్నాడు. ఆ "సరే" చెవిన పడగానే లోపల వంటింట్లో గిన్నె పడిన చప్పుడైంది. మా ఆవిడ కూడా పదిహేనేళ్లుగా ఎదురుచూస్తోందని నాకు అప్పుడే తెలిసింది.

పెళ్లిరోజు పొద్దున ఏడుకు మొదలుపెట్టాను. అదే హాలు, అంతే జనం. నేను అడగలేదు, దేవుడే బుక్ చేశాడు. గణపతి పూజ ముప్పావుగంట చేశాను. పుణ్యాహవాచనంలో ప్రతి దిక్కుకూ విడివిడిగా నీళ్లు చల్లాను, మూలలు కూడా వదల్లేదు. పెద్దయ్యగారి మోకాళ్లు పీట మీద తుప్పుపట్టిన తలుపు బందుల్లా కిర్రుమన్నాయి. ఆయన కాలు చాపబోయిన ప్రతిసారీ నేను "ఆచమనం" అనేవాణ్ని, మళ్లీ ముడుచుకునేవాడు. ఆయనే తయారుచేసిన ఫోటోగ్రాఫర్ మూడు బ్యాటరీలు మార్చి నా దగ్గరికొచ్చాడు.

"అయ్యగారు, ఇంకెంత సేపు?"

"ఇంకా పెండ్లి మొదలుగాలె బిడ్డా. ఇప్పటిదాక విఘ్నాలు తీసేసినం."

వాడు పెద్దయ్యగారివైపు చూశాడు. పెద్దయ్యగారు పైకప్పువైపు చూశాడు. ఒక్క మనిషి మాత్రం స్వర్గంలో ఉన్నాడు, వియ్యంకుడు. చేతిలో పెళ్లిమంత్రాల పుస్తకం పెట్టుకుని నేను చదివే ప్రతి పంక్తి కింద వేలు పెట్టి, అయిపోగానే పెన్సిలుతో టిక్కు కొడుతున్నాడు. "ఎక్సలెంటండీ! ఒక్క లైను కూడా మిస్ కాలేదండీ!" అని పదేపదే నాకు దండం పెడుతున్నాడు.

ముహూర్తానికి నలభై నిమిషాలుందనగా ప్రవర వేళ అయింది. నల్లరాతి కల్వం తెప్పించి పెద్దయ్యగారి ముందు పెట్టించాను. జీలకర్ర పోశాను, బెల్లం పెట్టాను. మైకు చేతిలోకి తీసుకున్నాను. హాలులో పాతవాళ్లు చాలామంది ఉన్నారు. కొందరికి అర్థమైంది; ఒకరినొకరు పొడుచుకుంటున్నారు. పెద్ద తెర మీద ఆయన ముఖం ఇరవై అడుగులు. ఇన్నేళ్లు సాధన చేసిన మాట. నోరు తెరిచాను. అప్పుడు నా నోరే నాకు ద్రోహం చేసింది. పెద్దవాళ్లను నువ్వు అని పిలవడం మా నాన్న నేర్పలేదు.

"చాలు, జర జరుగుండ్రి. జీలకర్ర బెల్లం నూరుండ్రి. గదన్న వస్తదో రాదో మీకు."

మర్యాద కలిసినందువల్ల కొంత చప్పబడింది కానీ, మాట పడింది. ఆరు సౌండుబాక్సులు మళ్లీ తమ పని చేశాయి. నేను నవ్వు కోసం ఆగాను.

ఆయన కల్వంలో పొత్రం తిప్పాడు. జీవితంలో ఎప్పుడూ నూరని చేతులని రెండు తిప్పుల్లో తేలిపోయింది. నీళ్లు ఎక్కువ పోశాడు. ముద్ద కావలసింది చారైంది. నేను ప్రవర అందుకున్నాను. మొదటిసారి అయింది, గట్టిపడలేదు. రెండోసారి మొదలుపెట్టాను. పెళ్లికూతురు ముత్తాత దగ్గరికొచ్చాను. ఆ పేరు పెద్దయ్యగారి తాతది. ఇన్నేళ్లలో ఆ పేరు ఎవరూ మైకులో చదివి ఉండరు. పొత్రం ఆగిపోయింది. ఆయన కళ్లు తడిగా కనిపించాయి. నాకు జాలి కలిగిందని మీరు అనుకోవద్దు. జీలకర్ర ఘాటు అది, అందరికీ వస్తుంది. అప్పుడు పెళ్లికూతురు వంగి తండ్రి చేతిమీద తన చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి నూరడం మొదలుపెట్టారు.

జనం నవ్వలేదు. చప్పట్లు కొట్టారు.

నాకు మతి పోయింది. ముందు వరసలో ఆడవాళ్లు కళ్లొత్తుకుంటున్నారు. వంద ఫోన్లు గాలిలోకి లేచాయి. ఫోటోగ్రాఫర్ ఇంతసేపటికి ప్రాణం లేచొచ్చినట్టు నేలమీద పడుకుని మరీ తీస్తున్నాడు. వియ్యంకుడు పుస్తకం మూసేసి లేచి నిలబడ్డాడు. "ఆహా! తండ్రే స్వయంగా నూరి ఇవ్వడమా! మా వైపు ఈ ఆచారం లేదండీ. మీ తెలంగాణలో ఉందాండీ?"

నేను నోరు తెరిచేలోపల పెద్దయ్యగారు చెయ్యి చాపి నా చేతిలోని మైకు తనవైపు వంచుకున్నాడు. ఒంగిన నడుంతో, చారు కారుతున్న వేళ్లతో, కన్ను ఆర్పకుండా అన్నాడు:

"ఉన్నదండి. మా దిక్కు తాతలనాటి ఆచారం."

మళ్లీ చప్పట్లు. ఇప్పుడు నేనేం చెప్పాలి? ఆచారం కాదు, పగ అని మైకులో చెప్పాలా? మూడోసారి ప్రవర చదివాను. ముద్ద గట్టిపడింది. సరిగ్గా పది నలభై ఎనిమిదికి వధూవరులు పెట్టుకున్నారు. అంటుకుంది.

తర్వాతి నెలలో మొయినాబాద్ హాళ్లలో ప్రతి పెళ్లికూతురి తండ్రీ మండపం మీద కల్వం ముందు కూర్చున్నాడు. ఆ పెళ్లి వీడియో చూడనివాళ్లు లేరు. "మా డాడీ కూడా నూరాలి," అని పిల్లలు పట్టుబడుతున్నారు. పెద్దయ్యగారు ఫోనులో "తండ్రి చేతి జీలకర్ర బెల్లం గూడ చేపిస్తం, తాతలనాటిది," అని చెప్పి మనుషులను పంపుతున్నాడు. నా పగను తీసుకెళ్లి తన సరుకులో కలుపుకున్నాడు! నాకు మూడు రాత్రులు నిద్ర లేదు. కడుపులో పాతది అరగకముందే కొత్తది వచ్చి చేరింది.

నాలుగో రోజు ఆయన ఫోను. "జర వచ్చి మావోళ్లకు నూరుడు నేర్పియ్యవయ్యా. అందరు చారు జేస్తున్నరు. నీ అంత మంచిగ నూరేటోడు ఈ దిక్కు లేడు."

కోపంతో ఫోను పెట్టేయబోయాను. అప్పుడు నా పొడుగు చెవిలో ఏదో మెరిసింది. "వస్తనండి," అన్నాను.

వెళ్లాను. అదే స్టేజీ, అవే కుర్చీలు. ఎర్రదానికి చెయ్యి నిజంగానే లేదు. ఆయన పన్నెండుగురు మనుషులు వరసగా కూర్చున్నారు. నూరడం నేర్పాను, వేళ్లు ఎలా పెట్టాలో, నీళ్లు ఎన్ని చుక్కలో. తర్వాత అన్నాను: "తండ్రి నూరుతున్నంత సేపు ప్రవర జదవాలె. మూడుసార్లు. ముత్తాతలతోని. ముద్ద గట్టివడేదాక ఆపద్దు. నడుమల ఆపితే పిల్లకు మంచిది గాదు. తాతలనాటి ఆచారం. నమ్మకపోతే పెద్దయ్యగార్ని అడుగుండ్రి, ఎనిమిది వందల మంది ముందట ఆయనే చెప్పిండు."

పన్నెండుగురూ ఆయనవైపు తిరిగారు. ఆయన నావైపు తిరిగాడు. అబద్ధమని చెప్పాలంటే తన మాటే అబద్ధమని చెప్పాలి. ఫోనులో బుక్ చేసుకున్నవాళ్లందరికీ చెప్పాలి. వియ్యంకుడికీ చెప్పాలి.

"అవును," అన్నాడు. గొంతులోంచి పీకి తీసినట్టు వచ్చింది ఆ మాట.

అంతే. మొయినాబాద్‌లో నలభై నిమిషాల పెళ్లి చచ్చిపోయింది. తండ్రులకు నూరడం రాదు. ఎవరికీ రాదు. కొందరు సాఫ్ట్‌వేర్ తండ్రులు కల్వం ఎటువైపు తిప్పాలో అడుగుతారు. ఆ లోపల ముత్తాతలు మూడేసిసార్లు వస్తారు, ముందు వరస అవ్వలు కొంగులు లాక్కుంటారు, కిందటి పెళ్లి అవ్వలేదని తర్వాతి పెళ్లివాళ్లు గేటు దగ్గర బాజాలతో నిలబడతారు. పెద్దయ్యగారు ఒక హాలు నుంచి ఇంకో హాలుకు పరుగెడుతూ, ఏ ముహూర్తానికీ సరిగ్గా చేరలేక, ఆ మోకాళ్లతో...

మొన్న గురువారం ఒక హాలులో ఆయన మనుషులతో కలిసి నేను కూర్చున్నాను. జేబులో ఫోను మోగింది. పక్కహాలు గేటులోంచి ఆయన. వెనకాల బాజాలు, ఎవరో తిడుతున్న చప్పుడు.

"ఇంకా నూరుతున్నరా?"

కల్వంలోకి తొంగి చూశాను. పెళ్లికూతురి తండ్రి నుదుటి చెమట తుడుచుకుని, ఆశగా నావైపు చూస్తున్నాడు. ముద్ద ఎప్పుడో గట్టిపడింది. రెండు చుక్కల నీళ్లు పోశాను.

"నూరుతున్నరండి. ఇంకా జర పల్చగున్నది."